అమ్మవారి కుండలో దొరసాని పెరుగు

భాగ్యవతి తోడుపెడితే కుండ బోర్లించినా పెరుగు జారేది కాదు. ఆమె మీద ప్రేమ కొద్దీ రాస్తున్న మాట కాదిది. ప్రేమ కంటే నాకు అసూయే ఎక్కువ. నేను తోడుపెట్టినది ఎండల్లో నీళ్ళయ్యేది, వానల్లో తీగలు సాగేది. రంగూన్‌లోని తామ్వే పేటలో మా వీధి తెలుగువాళ్ళు ఆ సంగతి నా ముఖం మీదే అనేవారు. నేను చదివింది మూడో తరగతి. ఇందులో సొగసులు వెతక్కండి. ఎవరు ఏం చేశారో అది మాత్రం ఉంటుంది.

మా వీధి చివర నూకాలమ్మ గుడి ఉంది. రేకుల గుడి. మా తాతలు గంజాం నుంచి ఓడెక్కినప్పుడు అమ్మవారిని పసుపు గుడ్డలో కట్టి తెచ్చారంటారు. నేను చూడలేదు కాబట్టి ఒట్టు వేయను. ప్రతి చైత్రంలో జాతర చేస్తాం. మేకపోతునీ కోళ్ళనీ కోసిన తరవాత, ఉగ్రంగా ఉన్న తల్లికి ఒళ్ళు చల్లబడాలని చల్ల కుండ దించుతాం. కొత్త కుండలో అన్నం, పెరుగు, పచ్చి ఉల్లిపాయ ముక్కలు కలిపి, తల మీద పెట్టుకుని తెచ్చి, తల్లి ముందు దించాలి. తరవాత అదే ప్రసాదం, ఇంటికో దోసెడు. కుండ చల్లగా దిగిన ఏడు వీధిలో ఎవరికీ అమ్మవారు పోయదని, పిల్లల ఒళ్ళు కాలదని మా నమ్మకం.

ఆ కుండ నాలుగు తరాలుగా భాగ్యవతి అత్తింటివాళ్ళది. ఆమె మొగుడు ఇన్సేన్ రైలు కార్ఖానాలో పనిచేసేవాడు. కొడుకు జోగికి తొమ్మిదేళ్ళప్పుడు ఆ మొగుడు కామెర్లు వచ్చి పోయాడు. విధవ చేతి కుండ అమ్మవారికి పనికొస్తుందా అని అప్పుడు కొందరు లేచారు. ఆ లేచినవాళ్ళలో మా అమ్మ కూడా ఉంది. భాగ్యవతి అత్త గుడి గుమ్మంలో నిలబడి, పెరుగు తోడుకునేది చేతి గుణాన్ని బట్టిగానీ చేతి గాజుల్ని బట్టి కాదని చెప్పి అందరి నోళ్ళూ మూయించింది. అప్పటినుంచీ కుండ భాగ్యవతిదే. ఏడాదిలో మిగతా రోజులన్నీ పాత లుంగీ కట్టుకుని ఇంటింటికీ పెరుగు పోసే మనిషి, ఆ ఒక్క రోజు తడిబట్టతో అందరికంటే ముందు నడిచేది. షాపులున్నవాళ్ళూ, రెండు మేడలున్నవాళ్ళూ ఆమె వెనకాల నడిచేవారు. ఆమెకి ఈ లోకంలో ఉన్న పరువు అంతా ఆ కుండలోనే ఉండేది.

జోగి పెళ్ళయ్యాక పెరుగు అమ్మకం ఒక్కటే చాలక, ఒక దొరసాని ఇంట్లో వంటకి కుదిరింది. ఆమె పేరు సిగ్రూన్. పిల్లల చదువుల కోసం పనిచేసే ఏదో సంస్థలో ఉద్యోగం. దేశం ఐస్‌లాండ్. అలాంటి దేశం ఒకటుందని మా వీధిలో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. భాగ్యవతి ఆమెని సయామా అనేది, బర్మావాళ్ళు పంతులమ్మలనీ పెద్దింటి ఆడవాళ్ళనీ పిలిచినట్టు. చేరిన మొదటి రోజే ఆవు మాంసం ముట్టనని చెప్పిందట. సిగ్రూన్ సరేనని, ఉన్న అయిదేళ్ళూ ఆ వంటింట్లోకి ఆవు మాంసం రానివ్వలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఆమె చెడ్డది కాదు.

సాయంత్రం బస్సు దిగి మా అరుగు మీద కూర్చుని, నన్ను అప్పా అని అక్క వరస పెట్టి భాగ్యవతి చెప్పే కబుర్లు వింటే నవ్వు ఆగేది కాదు. మనం ఎండు చేపని నిప్పుల మీద కాల్చి, నానేసి, వంకాయతో వండుతాం. వాళ్ళు దాన్ని సుత్తితో కొట్టి, పీచు పీచుగా చీల్చి, వెన్న రాసుకుని పచ్చిదే నములుతారట. గొర్రె తలని మనలాగే బొచ్చు కాల్చి రెండుగా చీలుస్తారట గానీ కారం లేదు, అల్లం లేదు, ఉప్పునీళ్ళలో ఉడకేసి కంటిగుడ్డుతో సహా తినేస్తారట. కారం లేకుండా తలకాయ తినేవాళ్ళు దేనికైనా తెగిస్తారని నేనన్నాను. ఒకసారి వాళ్ళ దేశం నుంచి చిన్న డబ్బాలో సొరచేప ముక్కలు వచ్చాయి. నెలల తరబడి మురగబెట్టి, ఆరుబయట వేలాడదీసిన సొరచేప. మూత తీసేసరికి ఇల్లంతా రైలు స్టేషను గోడ వాసన కొట్టిందట. సిగ్రూన్ మాత్రం ఒక ముక్క నోట్లో వేసుకుని, వాళ్ళ నాన్న గుర్తొచ్చి ఏడ్చిందట.

ఏప్రిల్ ఎండలో పంకా కింద కూర్చుని ఉన్ని చొక్కా అల్లేదట. రోజూ పొద్దున్నే చేప కాలేయం నూనె ఒక చెంచా తాగి, మోకాళ్ళకి మంచిదని భాగ్యవతికీ ఒక చెంచా పోసేదట. వాళ్ళ ఊళ్ళో పసిపిల్లల్ని బండిలో పడుకోబెట్టి, మంచు పడుతున్నా గుమ్మం బయటే నిద్రపుచ్చుతారట. తండ్రి పేరు చివర ‘కూతురు’ అని చేర్చుకుంటే అదే వాళ్ళ ఇంటిపేరట. పెళ్ళయినా మారదట. భాగ్యవతికి ఇది బాగా నచ్చింది. రెండు రోజులు ఆ మాటే చెప్పి నా చెవులు తినేసింది.

చలికాలానికి ముందు వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళంతా ఒకచోట చేరి గొర్రె పొట్టలని సంచుల్లా కుట్టి, నెత్తురూ కొవ్వూ పిండీ కూరి ఉడకబెడతారట. భాగ్యవతి కసాయి దగ్గర మేక పొట్ట, నెత్తురు తెచ్చి, పెద్ద సూదితో కుట్టి పెట్టింది. మన నెత్తురు వేపుడే, సంచిలో పోశారంతే అంది. మేక కాబట్టి ఆమెకి ఏ పట్టింపూ లేదు. నాకూ లేదు.

ఇక పెరుగు. వాళ్ళకీ ఒక పెరుగుంది, స్కీర్ అంటారట. సిగ్రూన్ దాని తోడుని వాళ్ళ అమ్మమ్మగారి ఊరి నుంచి చిన్న సీసాలో తెచ్చుకుంది. వెన్న తీసిన పాలు కాచి, గోరువెచ్చగా అయ్యాక ఆ తోడు వేసి, పైన ఇంకో సీసాలోంచి నాలుగు చుక్కలు వేయాలి. గట్టిపడ్డాక గుడ్డలో కట్టి వేలాడదీయాలి. నీరంతా దిగాక మిగిలేది తెల్లగా, నున్నగా, మన జున్నులా ఉంటుంది. నేను తిన్నాను. అబద్ధం ఎందుకు, బాగుంది.

ఆ చుక్కల మందేమిటని నేను ఒకసారి అడిగాను. భాగ్యవతి నన్ను పైనుంచి కిందకి చూసి, పాలు గట్టిపడే మందని చెప్పింది. దేనితో చేస్తారని దొరసానిని అడగలేదా అన్నాను. నాలుగు తరాల పెరుగు ఇల్లు తనది, పెరుగు సంగతి ఇంకొకర్ని అడగడానికి తనకింకా అంత ఖర్మ పట్టలేదని అంది. సిగ్రూనేమో ఇంత పెరుగు తెలిసిన మనిషికి చుక్కల సంగతి తెలియకుండా ఉంటుందా అనుకుంది. ఒకరు అడగలేదు, ఇంకొకరు చెప్పలేదు. ఇద్దరి మధ్యా ఆ సీసా సిగ్రూన్ ఉన్నన్నాళ్ళూ నోరు మెదపకుండా కూర్చుంది.

2018 జాతరకి మూడు రోజుల ముందు ఎండ మండిపోయింది, కరెంటు లేదు. భాగ్యవతి ఇంట్లో పాలు విరిగాయి. ఇంకోసారి కాచింది, మళ్ళీ విరిగాయి. ఆమె తోడు చచ్చిపోయింది. నా ఇంటికొచ్చి తోడు అడగాలంటే ఆమెకి చావొచ్చినంత పని. అడగలేదు. దొరసాని ఇంట్లో చేసిన స్కీర్ తెచ్చి అన్నంలో కలిపి కుండ నింపింది.

ఆ ప్రసాదం తిన్నవాళ్ళెవరూ మరిచిపోలేదు. గుడి పెద్ద ఢిల్లేశ్వరరావు, తామ్వే బజారులో గిన్నెల షాపతను, మూడుసార్లు చెయ్యి చాచాడు. ఇలాంటి పెరుగు తన పుట్టుకలో తినలేదని మైకులో చెప్పాడు. వచ్చే ఏడూ ఇదే కావాలన్నాడు. ఆ మైకు మాట భాగ్యవతి నెత్తికెక్కింది. 2019లో అదే తెచ్చింది. 2020లో కరోనా భయంతో పాతికమందితోనే జాతర జరిగింది, అప్పుడూ అదే తెచ్చింది. మూడేళ్ళు మా అందరి నోళ్ళలోకీ ఆ పెరుగే వెళ్ళింది.

2021లో సైన్యం పగ్గాలు పట్టింది. సాయంత్రమైతే ఊరంతా దాని మీద కోపంతో గిన్నెలు మోగించేవాళ్ళు. తమ దేశంలోనూ ఒకసారి జనం వీధిలోకొచ్చి ఇలాగే గిన్నెలు మోగించారని సిగ్రూన్ చెప్పిందట. ఏప్రిల్ మొదట్లో ఆమెని వెనక్కి రమ్మన్నారు. పెట్టెలు సర్దుతూ తోడు సీసా భాగ్యవతి చేతిలో పెట్టింది. నువ్వు ఇది చేసి అమ్ముకో, నీ చెయ్యి మా అమ్మమ్మ చెయ్యి లాంటిదని అంది. చుక్కల సీసా అడుగంటింది, టపా రావడం లేదు, దానికేమీ భయపడకు, పూర్వం మా ఇళ్ళల్లో చేసినట్టే చేసుకోవచ్చని కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. పాలు తప్ప ఇంకేమీ తినని లేగదూడని కోసి, దాని కడుపు కడిగి, ఉప్పు పట్టించి, దూలానికి వేలాడదీసి ఎండబెట్టాలి. ఆ ముక్క నానబెట్టిన నీళ్ళే ఈ చుక్కలు.

భాగ్యవతి ఆ కాగితం పట్టుకుని తిన్నగా నా ఇంటికొచ్చింది. అరుగు మీద కూర్చోలేదు. గుమ్మం బయటే నిలబడింది, అంటు మనిషిలా.

"అప్పా, ఆ సుక్కలు దూడ కడుపులోవి."

నాకు మొదట అర్థం కాలేదు. కాగితం చూపించింది. దూడ బొమ్మ ముద్దుగానే గీసింది ఆ దొరసాని.

"మూడేళ్ళు పెట్టినాను అమ్మకి. నువ్వు తిన్నావు, పిల్లలు తిన్నారు. నానేటి సేసేది, సెప్పు."

 ఆ కాగితం లాక్కుని పొయ్యిలో పెట్టాను.

"ఒలే, నోరు ముయ్యి. నీకూ నాకూ తప్ప ఎవులికీ తెల్దు. అమ్మోరు నిన్నడిగినాదా? అడిగితే సూద్దాం. సెప్పినావంటే కుండ పోద్ది, కూకుంటే ఏటీ పోదు."

ఆ మాట నాదే. ఇప్పుడు కాదనడానికి లేదు.

ఆమె తోడు సీసాని మురుక్కాలవలో పారేసింది. ఇంట్లో పాలగిన్నెలన్నీ చింతపండూ బూడిదా వేసి తోమి తోమి చేతులు పగలగొట్టుకుంది. ఆ చైత్రానికి మామూలు తోడుతో పెరుగు చేసి కుండ తెచ్చింది. పలచగా ఉంది. దొరసానితో పాటు భాగ్యవతి చేతి గుణం కూడా విమానం ఎక్కేసినట్టుందని ఎవరో అంటే అందరూ నవ్వారు. ఆమె తల వంచుకుని కుండ దించి ఇంటికెళ్ళిపోయింది. ప్రసాదం తినలేదు.

ఆషాఢంలో కరోనా మళ్ళీ వచ్చింది. ఆ నెల రంగూన్‌లో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, లేనివాళ్ళకి చెప్పినా అందదు. గాలి సిలిండర్ల కోసం మనుషులు రోడ్డు పొడుగునా బారులు తీరి నిలబడ్డారు. సిలిండరు ఇంటికి చేరేసరికి గాలి అవసరం ఉండేది కాదు. పంతొమ్మిది రోజుల్లో మా వీధి తెలుగువాళ్ళు తొమ్మిదిమంది పోయారు. గుడిలో దీపం పెట్టే దండాసి పోయాడు. భాగ్యవతి కోడలు మణిమాల తల్లి పోయింది. ఆమెకి అరవై కూడా నిండలేదు.

దండాసి పోయిన మూడో రోజున ఢిల్లేశ్వరరావు ప్రతి ఇంటికీ కబురు పెట్టాడు. ముక్కులకి గుడ్డలు కట్టుకుని పది పదిహేనుమందిమి గుడి ముందు దూరందూరంగా నిలబడ్డాం. అతని గొంతు పోయింది, గుసగుసలా మాట్లాడాడు. చైత్రంలో దించిన పెరుగు పలచనైంది, తల్లి ఒళ్ళు చల్లబడలేదు, అందుకే ఇదంతా జరుగుతోందని అన్నాడు. రేపే శాంతి చెయ్యాలి, చల్ల కుండ మళ్ళీ దించాలి అన్నాడు. ఆ తరవాత భాగ్యవతి వైపు తిరిగి చేతులు జోడించాడు.

"పిన్నీ, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఆ ముందటి పెరుగే సెయ్యి. ఆ గట్టి పెరుగు. మూడేళ్ళు తల్లి సల్లగా సూసినాది గదా."

భాగ్యవతి నా వైపు చూసింది. నేను నేల చూశాను.

 ఆమె ముఖానికి కట్టుకున్న గుడ్డ కిందకి లాగింది.

"బాబూ, నువ్వడిగిన పెరుగులో దూడ కడుపు రసం ఉన్నాది. తెలవక పెట్టినాను. తెలిసినాక ఈ ఏడు పెట్టలేదు. మీరు తిట్టిన ఆ పలస పెరుగే మంచిది. మళ్ళీ అదే కావాలంటే నాను సెయ్యలేను."

ఎవరో పక్కకెళ్ళి వాంతి చేసుకున్నారు. మణిమాల నడిరోడ్డు మీద కూలబడి, అమ్మా అమ్మా అని గుండెలు బాదుకుంది. తన తల్లిని చంపింది ఎవరో ఆమెకి ఆ క్షణంలో తేలిపోయింది. ఢిల్లేశ్వరరావు మాత్రం నెమ్మదిగానే అడిగాడు. తెలిసి మూడు నెలలైంది, ఎందుకు చెప్పలేదు, ఎవరైనా వద్దన్నారా అని. భాగ్యవతి ఎవరూ వద్దనలేదంది. తన భయమే తన నోరు కట్టేసిందంది. నేను అప్పుడు కూడా నేలనే చూస్తున్నాను.

ఆ రాత్రి జోగి మింగళాడోన్ నుంచి, విమానాశ్రయంలో సామాన్లు మోసే పని ముగించుకుని వచ్చాడు. విషయం విని తల పట్టుకున్నాడు. ఈ సంగతి మణిమాలే తరవాత వీధంతా చెప్పింది.

"ఎవులడిగినారే అమ్మా నిన్ను?"

"అడిగినారు గదరా. అదే కావాలన్నారు గదా."

ప్రాయశ్చిత్తం పెట్టారు. గుండు, పంచగవ్యం, తడిబట్టతో గుడి చుట్టూ నూట ఎనిమిది ప్రదక్షిణలు. వానలో తిరిగింది. అరవై మూడేళ్ళ మనిషి. ఒక్కటి కూడా తగ్గించమని అడగలేదు. అన్నీ అయ్యాక కుండ ఎప్పుడు తేవాలని అడిగింది. అప్పుడు చెప్పారు, కుండ ఇక ఆమె ఇంటిది కాదని. ఢిల్లేశ్వరరావు మరదలు శ్రీదేవికి ఇచ్చారు. శ్రీదేవి ఇంతవరకూ పాలు కాచి ఎరగదు. ప్రతి చైత్రంలో పెద్ద బజారులో ప్లాస్టిక్ డబ్బాల పెరుగు కొనుక్కొచ్చి కుండలో కుమ్మరిస్తుంది. ఆ డబ్బాల్లో ఏ చుక్కలు వేశారో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అందరూ దోసిళ్ళు పట్టి తింటున్నారు. నేనూ తింటున్నాను.

తెలుగు ఇళ్ళల్లో ఆమె పెరుగు మానేశారు. బర్మావాళ్ళ ఇళ్ళు ఉన్నాయి కాబట్టి బతికింది. ఇంట్లో మణిమాల ఆమెకి వేరే కంచం పెట్టింది. తరవాత వేరే పొయ్యి. ఆ తరవాత మంచం కూడా వెనక రేకుల కిందకి మార్చింది. జోగి పెళ్ళాంతో పోట్లాడలేదు, తల్లితో మాట్లాడలేదు. పనికి పోవడం, రావడం, పడుకోవడం. భాగ్యవతి ఆ రేకుల కింద కూర్చుని పాలు కాచుకునేది. నేను దారిన పోతుంటే తల ఎత్తేది కాదు. ఒక్కసారి నేనే ఆగి ఎలా ఉన్నావని అడిగాను. పాలు పొంగిపోతాయి అప్పా, వెళ్ళు అంది. అంతకంటే ఏమీ అనలేదు. నన్ను నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

2023 వానాకాలంలో రొమ్ము పడిశం పట్టి పదిరోజుల్లో పోయింది.

మాలో ఎవరు పోయినా ఇంటికొకరు వస్తారు. అది రంగూన్‌లో మా తాతల నాటి కట్టుబాటు. బర్మాలో మనకున్న బలం ఆ నాలుగు భుజాలే అని మా నాన్న అనేవాడు. ఆ ఉదయం జోగి ఒక్కొక్క తలుపూ తట్టాడు. ఒకరికి షాపు, ఒకరికి జ్వరం, ఒకరికి అసలు తలుపు తీయడానికే తీరలేదు. చివరికి మా ఇంటికొచ్చాడు. గడ్డం పెరిగి, పసివాడిలా ఉన్నాడు.

"పెద్దమ్మా, నువ్వైనా రా. మణి ముట్టుకోనంటంది. అమ్మకి ఆకరి నీళ్ళు పొయ్యడానికి ఒక్క ఆడమనిషి లేదు."

మోకాళ్ళు పట్టేశాయి, మెట్లు దిగలేను బాబూ అన్నాను. ఆ పొద్దున్నే వీధి కుళాయి నుంచి రెండు బిందెల నీళ్ళు మోసుకుని అవే మెట్లు ఎక్కాను. గుమ్మం పక్కన ఆ బిందెలు అతని కళ్ళకి ఎదురుగానే ఉన్నాయి. జోగి వాటిని చూశాడు, నన్ను చూశాడు, సరే పెద్దమ్మా అని మెట్లు దిగిపోయాడు.

కిటికీలోంచి చూశాను. ఉచితంగా శవాలని తీసుకెళ్ళే సంఘంవాళ్ళ బండి వచ్చింది. మోసింది జోగి, ముగ్గురు బర్మా మగవాళ్ళు. నీళ్ళు పోసింది సందు మొదట మొహింగా అనే చేపల పులుసు సేమ్యా అమ్మే బర్మా ఆవిడ డా టిన్. ఏడేళ్ళుగా ఆమె ఇంటికి భాగ్యవతి పెరుగు పోసేది. మన పద్ధతి తెలియక సబ్బుతో, గోరువెచ్చటి నీళ్ళతో, తల నుంచి పాదాల దాకా కడిగిందట. తొందరపడలేదట.